రుమాలు కింద తెగిన బేరం

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధి ఆడవాళ్ళు ముందు గాజుల సంగతి అడిగారు, తర్వాత చార్మినారు సంగతి. చార్మినారు చూశాను. గాజులు తెచ్చాను, అనుకున్నదాంట్లో సగమే తెచ్చాను. మిగతా సగం ఏమైందో చెప్పాలంటే ఒక బస్తా చింతపండు గురించీ, ఇద్దరు మొండి మనుషుల గురించీ చెప్పాలి. ఆ ఇద్దరిలో ఒకరు మా ఆయన కావడం నా ఖర్మ.

మా ఆయన పేరు రామనాథం. రాజమండ్రిలో కాలేజీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతారు. చిన్నప్పుడే తండ్రి పోతే చదువు చెప్పి, తన ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టినవారు నరహరి మాష్టారు. మాష్టారిది హైదరాబాదు పాతబస్తీ. చాలా ఏళ్ళు మా వైపే పాఠాలు చెప్పి, ఉద్యోగం విరమించాక మళ్ళీ సొంత చోటు మాదన్నపేటకు వెళ్ళిపోయారు.

పోయిన వేసవిలో ఆయన మా ఇంటికి వచ్చారు. భోజనాల దగ్గర గురుశిష్యులకు మాటా మాటా పెరిగింది. ఉన్న సరుకు ఎవరికి ఎంత చేరాలో ఎవరు తేల్చాలన్నది గొడవ. ధరకు వదిలెయ్, అదే చూసుకుంటుందని మాష్టారు. యుద్ధం రోజుల్లో ధరకు వదిలేస్తే ఉన్నవాడు తింటాడు, లేనివాడు చూస్తాడు, ఒక కమిటీ కూర్చుని పంచాలని మా ఆయన. "బజారుకు కళ్ళు లేవండీ మాష్టారూ" అనేశారు చివరికి. మాష్టారు ముఖం ఎర్రబడింది. "నేను చెప్పిన చదువంత ఇందుకేనా? ఇగ నీతోని మాట్లాడితే ఒట్టు!" అని విస్తరి ముందు నుంచి లేచిపోయారు. నేను పెరుగు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ సాయంత్రమే ఆయన రైలెక్కేశారు.

అప్పటి నుంచి మా ఆయన మనిషి మనిషిలా లేరు. పాఠం చెప్పి వస్తారు, కిటికీ దగ్గర కూర్చుంటారు. రెండు ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. కన్నతండ్రి ఉండి, అలిగి వెళ్ళిపోయినా ఇంత బెంగపడేవారు కాదేమో. చూసి చూసి నాకు ఒళ్ళు మండింది. "ఇలా కిటికీని చూస్తూ కూర్చుంటే ఆయన రారు. మనమే వెళ్దాం పదండి" అని ఆవకాయ జాడీకి వాసెన కట్టాను.

సరిహద్దులో ఆవకాయ

బెజవాడ దాటాక నిజాం రాజ్యం మొదలు. అక్కడ సుంకం వాళ్ళు పెట్టెలన్నీ విప్పించి చూస్తారు. మా జాడీ దగ్గర ఒక జవాను ఆగి, "ఇదేంది? అమ్మకానికా?" అన్నాడు. "తిని చూడు నాయనా, అమ్మేదో పెట్టేదో నీకే తెలుస్తుంది" అన్నాను. వేలితో కొద్దిగా తీసి నాలుక మీద వేసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పోనీయండమ్మా, పోనీయండి!" అని చెయ్యి ఊపాడు. సుంకం లేకుండా గట్టెక్కాం.

అక్కడ డబ్బు కూడా వేరే. మన రూపాయిని కల్దారు అంటారు, వాళ్ళదాన్ని హాలీ అంటారు. మన రూపాయి ఇస్తే వాళ్ళ రూపాయీ, దానిపైన రెండణాల పైచిలుకు చిల్లరా చేతిలో పెడతారు. ఊరికే ధనవంతులమైనట్టు అనిపించింది. ఆ సంబరం రెండో రోజుకే తీరిందనుకోండి, అది తర్వాత.

దారిలో మా ఆయన చేత ఈ గొడవంతా విడమరిచి చెప్పించుకున్నాను. మాష్టారు దేని కోసం భోజనం మానేసి లేచారో నాకూ తెలియాలి కదా. బజారును నమ్మే పండితులు సీమల్లో ఎప్పటి నుంచో ఉన్నారట. ఈ మధ్య వియన్నా వైపు నుంచి వచ్చిన కొందరు ఇంకా గట్టిగా అడిగారట: ధర లేకపోతే ఏ సరుకు ఎక్కడ కరువైందో, ఎవరికి ఎంత అవసరమో మీ కమిటీకి ఎలా తెలుస్తుందయ్యా అని. కమిటీల వైపు పండితులకు గొంతులో వెలక్కాయ పడింది. ఆలోచించి ఆలోచించి, సరే, కమిటీయే ధర పెడుతుంది, సరుకు మిగిలిపోతే తగ్గిస్తుంది, చాలకపోతే పెంచుతుంది అన్నారట.

"అయితే వాళ్ళు బజారు చేసే పనే చేస్తామన్నారుగా!" అన్నాను.

మా ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "అదే కదా కామేశ్వరీ. మాష్టారితో వాదించడానికి కూర్చుంటే నా కలం కూడా అటే పోతోంది. నేను రాస్తున్న పుస్తకంలో సగం ఆయన మాటలే. ఆ సంగతి ఆయనకు చెప్పాలంటే ఆయన వినాలి కదా."

మాదన్నపేటలో మధ్యవర్తిత్వం

రైలు దిగి టాంగా ఎక్కాం. దారిలో ఒక ఇరానీ హోటలు దగ్గర ఆపించాను. ఆడవాళ్ళకు పరదా కట్టిన గది వేరే ఉంది. చాయ్ చిక్కగా, మీగడతో వచ్చింది. చుట్టూ అందరూ సాసరులో పోసుకుని తాగుతున్నారు. మన వైపు అలా తాగితే మా అత్తగారు చెవి మెలిపెట్టేది. నేనూ సాసరులోనే తాగాను. ఆమె చూడలేదు కాబట్టి ఎంత రుచిగా ఉందో చెప్పలేను.

మాష్టారి ఇల్లు మాదన్నపేట కూరగాయల అంగడికి దగ్గరే. తలుపు తీసింది ఆయన భార్య రుక్కమ్మ గారు. మా ఆయన్ని చూడగానే "వచ్చినవా కొడుకా!" అని గడప మీదే ఏడ్చేసింది. మాష్టారు లోపల మంచం మీద కూర్చుని ఉన్నారు. మా ఆయన వెళ్ళి కాళ్ళకు దణ్ణం పెట్టారు. మాష్టారు తల మీద చెయ్యి పెట్టారు, కానీ పెదవి విప్పలేదు. నా వైపు తిరిగి, "బిడ్డా, మంచిగున్నవా? మీ ఆయనను అడుగు, స్నానానికి ఏన్నీళ్ళు కావాల్నా, సన్నీళ్ళు కావాల్నా" అన్నారు.

మా ఆయన మూరెడు దూరంలో నిలబడి ఉన్నారు!

అది మొదలు నాకు ఇదే పని. "బిడ్డా, మీ ఆయనకు చెప్పు, కిటికీ తలుపు తల్గుతది, పైలం అని." "కామేశ్వరీ, మాష్టారిని అడుగు, మోకాళ్ళ నొప్పులు తగ్గాయా అని." ఒకే గదిలో, ఒకే చాప మీద! రుక్కమ్మ గారు వంటింట్లోంచి "ఏం లొల్లిరా ఇది" అని నుదురు కొట్టుకునేది.

రాత్రి భోజనంలో పచ్చిపులుసు వేసింది. చింతపండు పిసికి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా వేసి, పొయ్యి మీద పెట్టకుండానే పోస్తారు. మనం పులుసంటే బెల్లం వేసి గంటసేపు కాస్తాం. మొదటి ముద్దకు అనుమానించాను, రెండో ముద్దకు మళ్ళీ అడిగాను. జొన్నరొట్టె దానికి తోడు. అన్నం మాత్రం కాస్త ముతకగా ఉంది. "కంట్రోలు బియ్యం బిడ్డా, ఏం జేస్తం" అంది రుక్కమ్మ గారు. అంటే కమిటీ వాళ్ళు పంచిన బియ్యమే బజారు మాష్టారి విస్తట్లో పడుతోంది! మా ఆయన తల వంచుకుని నవ్వు ఆపుకున్నారు. మాష్టారు నన్ను చూసి, "మీ ఆయన ఏం నవ్వుతుండో నాకు ఎర్కే" అన్నారు.

బేగంబజార్‌లో ఒక్క మాట

మర్నాడు మాష్టారే బేగంబజార్ చూపిస్తానన్నారు, నాకు మాత్రమే అన్నట్టు. మా ఆయన వెనక నడిచారు. మూసీ దాటి వెళ్ళాం. ఆ బజారు గురించి ఏం చెప్పను! ఒక సందులో ఇత్తడి గిన్నెలు, ఒక సందులో మిరపకాయలు, ఒక సందులో ఎండుకొబ్బరి. బస్తాలు మోసే హమాలీలు "జరగుండ్రి, జరగుండ్రి!" అని అరుస్తూ మన భుజాలు రాసుకుంటూ పోతారు. మిరపకాయల సందులో నేను తుమ్మిన తుమ్ములకు ఒక సేటు లేచి మంచినీళ్ళిచ్చాడు.

చింతపండు మండీలో ఒక వింత చూశాను. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని, చేతుల మీద ఒక రుమాలు కప్పుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. నోట మాట లేదు. రుమాలు మాత్రం కదులుతోంది. టోకు బేరం అలాగే చేస్తారట. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. ఒప్పుకుంటే ఎదుటి చెయ్యి మొత్తం గట్టిగా పట్టి ఊపాలి. పక్కన నిలబడ్డ పదిమందికీ ధర తెలియదు.

"నోటితోని చెప్తే అందరు ఇంటరు గదా సాబ్" అన్నాడు ఛగన్ భాయ్ అనే దలాలు, మా ఆయన ఆసక్తి చూసి. "రండి, కూసోండి, మీకు నేర్పిస్త. ఉత్త ముచ్చటకు కాదు, బేరానికే కూసోవాలె. సరుకు చూసిండ్రా? నంబర్ ఏక్!"

మా ఆయన సంబరంగా కూర్చున్నారు. పుస్తకాల్లో ధర గురించి ఎంతో రాశారు కానీ, ధర పుట్టే చోట చెయ్యి పెట్టడం అదే మొదలు. ఛగన్ భాయ్ రుమాలు కింద వేళ్ళు పట్టాడు, వదిలాడు, మళ్ళీ పట్టాడు. మా ఆయన చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు. మాష్టారి పాఠాల్లో బజారును నడిపే కనిపించని చెయ్యి ఒకటి ఎప్పుడూ వస్తుందని మా ఆయన అంటుంటారు. ఇదేనేమో అనుకుంటూ నేనూ వంగి చూస్తున్నాను.

పాఠం అయిపోయిందనుకుని మా ఆయన కాలేజీ అలవాటు చొప్పున కృతజ్ఞతగా చెయ్యి కలపబోయారు. సరిగ్గా అప్పుడే నా పక్కన మాష్టారు "రా..." అని నోరు తెరిచారు. ఒట్టు గుర్తొచ్చింది కాబోలు, టక్కున మూసుకున్నారు. నన్ను మోచేత్తో పొడిచి, "బిడ్డా, చెప్పు, మీ ఆయనకు చెప్పు..." అనేలోపు మా ఆయన ఛగన్ భాయ్ చేతిని గట్టిగా పట్టుకుని మూడుసార్లు ఊపారు.

"మంజూర్!" అని ఛగన్ భాయ్ అరిచాడు. హమాలీ బస్తా ఎత్తేశాడు.

మేము వద్దని ఎంత మొత్తుకున్నా లాభం లేదు. "చెయ్యి కలిపినంక తిరుగుడు లేదమ్మా. ఇయ్యాల నేను తిరిగితే రేపు నా రుమాలు కింద ఎవడు చెయ్యి వెడ్తడు?" అన్నాడు ఛగన్ భాయ్. పాపం, కోపంగా కూడా అనలేదు. నా గాజుల డబ్బు అక్కడే సగం పోయింది.

నాకు మాష్టారి మీదే మండింది. "ఒక్క మాట అంటే సరిపోయేది కదండీ! 'రామనాథం, వద్దు' అంటే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"ఒట్టు వెట్టిన గదా బిడ్డా" అన్నారు మాష్టారు. అని తల అటు తిప్పుకున్నారు. భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతున్నారు ఆ పెద్దమనిషి! అది చూసి మా ఆయనకూ నవ్వొచ్చింది. ఇద్దరూ చెరో వైపు తిరిగి నవ్వుకుంటుంటే, మధ్యలో నేనూ, చింతపండు బస్తానూ.

బస్తా పంపకం

బండి మీద బస్తా దిగేసరికి మాదన్నపేట గల్లీ అంతా మాష్టారి అరుగు ముందు చేరింది. "ఇంత చింతపండు ఏం చేస్కోవాలె, పచ్చిపులుసుల ఈత కొట్టాల్నా?" అంది రుక్కమ్మ గారు. రాజమండ్రికి మోసుకుపోవడం కుదిరే పని కాదు. గల్లీలోనే పంచేద్దామనుకున్నాం. ఎలా పంచాలన్న దగ్గర మళ్ళీ మొదలైంది.

మా ఆయన అరుగెక్కి, ఏ ఇంట్లో ఎంతమందో అడిగి తలకింతని లెక్క కట్టడం మొదలుపెట్టారు. గేదెలున్న పాల ఎల్లమ్మ ఇంట్లో తొమ్మిది మంది. తీరా పెద్ద ముద్ద తీసి ఇవ్వబోతే, "మాకెందుకయ్యా? మొన్ననే మా అక్క ఊరి నుంచి తట్టెడు పంపింది" అంది. మూలింటి మంగమ్మ ఒంటరి మనిషి. ఆమెకు చిన్న ఉండ చేతిలో పెట్టేసరికి, "గింతే ఇస్తె ఎట్ల సారూ? నేను ఇత్తడి గిన్నెలు తోమి బతుకుత. నాకు అన్నంలకు కాదు, గిన్నెలకు కావాలె" అంది.

మాష్టారి ముఖం వెలిగిపోయింది. "బిడ్డా, మీ ఆయనను అడుగు. తలల లెక్కల ఇత్తడి గిన్నెలున్నయా? ధర పెట్టి అమ్ముమను. అవసరమున్నోళ్ళే కొంటరు, ఎవ్వరిని ఏం అడిగే పని లేదు."

సరేనని ధర పెట్టి చూశాం. మంగమ్మ కొంది. ఇంకో ఇద్దరు కొన్నారు. ఎల్లమ్మ కొనలేదు. అంతా మాష్టారు చెప్పినట్టే జరిగింది. ఇంతలో మాణెమ్మ అనే ఆమె ముగ్గురు పిల్లలతో అరుగు దాకా వచ్చి, ధర విని వెనక్కి తిరిగింది. మొగుడు జ్వరంతో పడి పనికి పోయి చాలా రోజులైందట. ఆమెకు చింతపండు అక్కర్లేదని ఆ ధర చెప్పినట్టే కదా!

"మాష్టారితో చెప్పు కామేశ్వరీ" అన్నారు మా ఆయన, గొంతు తగ్గించి. "కళ్ళు లేవన్నది దీనికే."

 మాష్టారు మాణెమ్మ వెళ్ళిన వైపే చూస్తూ నిలబడ్డారు.

రుక్కమ్మ గారు కొంగు బిగించి అరుగు మీదికొచ్చింది. "మీ ఇద్దరు జరగుండ్రి. ఏయ్ మాణెమ్మా, రా ఇటు! ఇంటికొక ముద్ద ఉత్తగనే. అది ఒడిసినంక ఎవరికెంత కావాల్నో ఇందాక పెట్టిన ధరకే కొనుక్కోండ్రి. వద్దన్నోళ్ళు వద్దనుండ్రి." అంతే. దీపాలు పెట్టే వేళకు బస్తా అడుగంటింది. ఎల్లమ్మ తన ముద్దను మంగమ్మకిచ్చి, ఆదివారం నాడు తన పాల బిందెలు తోమించుకునేలా మాట తీసుకుంది. ఆ ఏర్పాటు మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

తువ్వాలు

దీపాలు పెట్టాక అరుగు మీద కూర్చున్నాం. మర్నాడే మా ప్రయాణం. మా ఆయన గోళ్ళు చూసుకుంటున్నారు. వచ్చిన పని కాలేదు. ఇలాగే రైలెక్కితే ఈ మనిషి మళ్ళీ ఆ కిటికీ దగ్గరే కూర్చుంటారని నాకు దిగులేసింది. ఇక ఆపుకోలేకపోయాను.

"మాష్టారూ, ఈయన రాస్తున్న పుస్తకంలో సగం మీ మాటలే. కమిటీ ఉండాలి అంటారు, ఆ కమిటీ మాత్రం ధరను చూసే నడవాలి అంటారు. మీతో మాట్లాడకుండా ఆయనకు మిగతా సగం కలం కదలడం లేదు. ఒట్టు గట్టున పెట్టండి, మీకు పుణ్యముంటుంది."

 "అనుడైతే అన్న. మాట ఎట్ల తప్పుదు బిడ్డా" అన్నారు మాష్టారు. ఆ గొంతులో కోపం లేదు, ఇరుక్కుపోయిన బాధ ఉంది.

రుక్కమ్మ గారికి ఓపిక పోయింది. దండెం మీది తువ్వాలు లాగి ఆయన ఒళ్ళో విసిరింది. "మాట్లాడనని ఒట్టు వెట్టినవ్. చెయ్యి వట్టనని వెట్టలే గదా!"

మాష్టారు తువ్వాలు వంక చూశారు, భార్య వంక చూశారు. మెల్లగా దాన్ని కుడిచేతి మీద పరుచుకుని, చెయ్యి ముందుకు చాపారు. "బిడ్డా, మీ ఆయనకు చెప్పు. రూపాయికి పదహారణాలు. సరుకు పంచే పనిల కమిటీకెన్ని, బజారుకెన్ని? నోటితోని కాదు. బేరం బేరమే."

మా ఆయన ఒక్క గెంతులో వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

తువ్వాలు కదిలింది. మాష్టారి కనుబొమలు పైకి లేచాయి. తల అడ్డంగా ఊపారు. మా ఆయన పెదవి కొరుక్కుని మళ్ళీ ప్రయత్నించారు. ఒకసారి మాష్టారు "హు!" అన్నారు. ఒకసారి మా ఆయన నవ్వాపుకోలేక చెయ్యి వెనక్కి లాక్కుని మళ్ళీ పెట్టారు. నేనూ రుక్కమ్మ గారూ మెడలు సాచి చూసినా తువ్వాలు తప్ప ఏమీ కనపడలేదు. కాసేపటికి కదలిక ఆగింది. బేరం తెగిందన్నమాట. చేతులు మాత్రం బయటికి రాలేదు. అక్కడే ఉండిపోయాయి. మా ఆయన తల వంచుకున్నారు. 

"చెయ్యంత చెమట వట్టిందేందిరా రామనాథం" అన్నారు మాష్టారు. "తుడుచుకో."

నాకు ఏడుపొచ్చేసింది. దాచుకోలేదు కూడా.

"మరి ఒట్టు?" అంది రుక్కమ్మ గారు, ముక్కు చీదుతూ.

"బేరం తెగినంక ఒట్టేంది?" అని కసిరారు మాష్టారు. ఇక ఇద్దరూ ఆపితే ఒట్టు! మాష్టారు ఆ వియన్నా పండితుల్ని ఎత్తుకున్నారు. "ఆళ్ళను తిట్టుకుంట తిట్టుకుంటనే మీ కమిటోళ్ళంత ధర దిక్కు వచ్చిండ్రు, ఒప్పుకుంటవా?" "ఒప్పుకుంటానండీ. మరి మీ విస్తట్లో కంట్రోలు బియ్యం?" "అరే, ముసలోని అన్నం మీద పడ్తవేందిరా!" రుక్కమ్మ గారు రెండుసార్లు అన్నానికి పిలిచింది. ఎవరూ వినలేదు. మేమిద్దరం ముందుగా తినేశాం, హాయిగా.

రైలు దగ్గర

తెల్లవారి చార్మినారు పక్క సందులో మిగిలిన డబ్బుకు గాజులు కొన్నాను. రుక్కమ్మ గారు అడుగున మిగిలిన చింతపండు చిన్న మూట కట్టి నా సంచిలో పెట్టింది.

ఎన్ని అణాలకు తెగిందని మాష్టారిని అడిగాను. "రుమాలు కింది ధర బయట చెప్పరు బిడ్డా" అన్నారు. టాంగాలో మా ఆయన్ని అడిగాను. పిడికిలి బిగించి జేబులో పెట్టుకున్నారు. కట్టుకున్న పెళ్ళాన్ని నేను, నాకు కూడా చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

రైలు కదలబోతుంటే మాష్టారు కిటికీ దగ్గరికి వచ్చారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అలవాటు కొద్దీ నా వైపు చూసి "బిడ్డా, మీ ఆయనకు చెప్పు..." అన్నారు. వెంటనే నాలుక కరుచుకుని ఆయన వైపు తిరిగారు.

"రామనాథం, వచ్చే ఎండకాలం నేను రాజమండ్రి వస్త. పోయినసారి పెరుగన్నం తినకుండ లేచిన. అది తినాలె."